మాట వినబడుతుంది... అర్థం కాదు!

బచ్చన్నపేట: ఇంటి అరుగు మీద మనవరాలు పక్కన కూర్చుని మాట్లాడితే తాతకు అంతా అర్థమవుతుంది. అదే తాత పెళ్లి పందిట్లో, డప్పుల మోత నడుమ, పక్కవారు చెప్పింది పోల్చుకోలేడు. "కావాలనే విననట్టు ఉంటాడు" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఇందులో నటనేమీ లేదు. ఇది వయసు తెచ్చే లోపం.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు భాగంలో సుమారు 15 వేల సన్నని రోమ కణాలుంటాయి. శబ్దాన్ని నరానికి అందించేవి ఇవే. వయసు మీరినా, ఏళ్ల తరబడి ట్రాక్టరు, రైసు మిల్లు మోతలో పనిచేసినా ఇవి నశిస్తాయి. మళ్లీ పుట్టవు. కీచు శబ్దాలను పట్టేవి ముందుగా పోతాయి. మాటలో అచ్చులు బలంగా పలుకుతాయి. క, త, ప, స వంటి హల్లులు సన్నగా ఉంటాయి. అందుకే 'పత్తి' అన్నా, 'కత్తి' అన్నా ఒకేలా తోస్తుంది. నిశ్శబ్దంలో సందర్భాన్ని బట్టి మెదడు ఆ లోటు పూడ్చుకుంటుంది. మోతలో ఆ ఆధారమూ కొట్టుకుపోతుంది. పదిమంది మాటల్లోంచి ఒకరి మాటను ఏరుకునే శక్తి కూడా ముసలితనంలో తగ్గుతుంది.

నష్టం చిన్నది కాదు. మార్కెట్లో ధర తప్పు వింటే డబ్బు పోతుంది. మందు మోతాదు తప్పు వింటే ప్రాణం మీదికొస్తుంది. నలుగురూ నవ్వుతారని పెద్దలు రచ్చబండకు రావడమే మానేస్తారు. 60 ఏళ్లు దాటినవారిలో నాలుగో వంతుకు పైగా ఇబ్బంది పెట్టే స్థాయి వినికిడి లోపంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

చెవిలో అరిస్తే మోతే పెరుగుతుంది, మాట తేటపడదు. టీవీ కట్టేసి, ఎదురుగా వెలుతురులో కూర్చుని, నిదానంగా చెప్పాలి. అర్థం కాకపోతే అదే మాటను వేరే పదాలతో చెప్పాలి. ధర, మోతాదు వంటివి కాగితం మీద రాసివ్వాలి.

ఒక్కోసారి గులిమి అడ్డుపడినా వినబడదు. పుల్లలు, పిన్నులు పెట్టకుండా డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి వినికిడి పోతే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. వినికిడి యంత్రం మేలు చేస్తుంది కానీ మోతనూ పెంచుతుంది కనుక అలవాటుపడేందుకు కొన్ని వారాలు ఓపిక పట్టాలి. 60 ఏళ్లు నిండిన పేదలకు యంత్రాలు ఉచితంగా ఇచ్చేందుకు కేంద్రం 2017లో వయోశ్రీ పథకం తెచ్చింది.

అన్నిటికంటే ముందు, 'చెవిటోడు' అనే ఎగతాళి మానాలి. ఆ మాట మాత్రం పెద్దలకు స్పష్టంగానే వినిపిస్తుంది.