బండ మీద ఉల్లి మడి

బండ మీద పంట పండుతుందా? ఆఫ్రికాలో ఒకచోట పండిస్తున్నారు. ఆ కథేమిటో చదవండి.

ఆఫ్రికా ఖండానికి పడమటి వైపు మాలి అనే దేశం ఉంది. ఈ దేశానికి సముద్రం లేదు. చుట్టూ ఏడు దేశాలున్నాయి. ఉత్తరాన సహారా ఎడారి. దక్షిణాన వానలు కాస్త నయం. దేశంలో నైజర్ అనే పెద్ద నది పారుతుంది.

మాలిలో బాండియాగరా అనే చోట పెద్ద రాతి గోడ ఉంది. దీన్ని ఎవరూ కట్టలేదు. దీని పొడవు సుమారు 150 కిలోమీటర్లు. కొన్నిచోట్ల ఎత్తు 500 మీటర్ల దాకా ఉంటుంది. పైన బండల మెరక. కింద ఇసుక నేల.

ఈ గోడ ఎలా వచ్చింది? కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఇసుక పొరలు పొరలుగా పేరుకుంది. పై పొరల బరువుకు కింది ఇసుక గట్టిపడి రాయి అయింది. దాన్నే ఇసుకరాయి అంటారు. తర్వాత గాలీ, వానా ఆ రాయిని కోస్తూ వచ్చాయి.

ఇక్కడ డోగోన్ అనే జనం వందల ఏళ్లుగా ఉంటున్నారు. పూర్వం గుర్రాల మీద వచ్చి మనుషుల్ని పట్టుకుపోయి బానిసలుగా అమ్మేవాళ్లు. అప్పుడు ఈ గుట్టలే డోగోన్‌లను కాపాడాయి.

ఇక్కడ వానలు మూడు నాలుగు నెలలే. ఆ కాలంలో సజ్జలు పండిస్తారు. తర్వాత ఉల్లి వేస్తారు. మరి మట్టి ఏది? బండ మీద రాళ్లతో చిన్న గట్లు కడతారు. మట్టి మోసుకొచ్చి పోస్తారు. పెంట కలుపుతారు. మడి తయారు! చిన్న ఆనకట్టల్లో నిలిచిన నీళ్లను బుర్రలతో ముంచి పోస్తారు. ఉల్లిని దంచి, ఉండలు చేసి, ఎండబెట్టి కూడా అమ్ముతారు. ఎండిన ఉల్లి తొందరగా చెడిపోదు.

1989లో యునెస్కో ఈ చోటును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. చూడటానికి దూరదేశాల వాళ్లు వచ్చేవాళ్లు. కానీ 2012లో మాలిలో పోరాటాలు మొదలయ్యాయి. కొన్నేళ్లకు అవి ఈ గుట్టల దాకా పాకాయి. పల్లెలు తగలబడ్డాయి. చాలామంది ఇల్లూ పొలమూ వదిలి పోయారు.

బండ మీద మడి కట్టాలంటే ఎన్ని తట్టల మట్టి మోయాలి? ఎన్ని రోజులు పడుతుంది? మనిషి వెళ్లిపోతే ఆ మట్టిని వాన కడిగేస్తుంది. మళ్లీ బండే మిగులుతుంది. రాతిని గెలిచిన ఆ జనానికి ఇప్పుడు కావలసింది శాంతి.