రాన్సమ్‌వేర్‌కు విరుగుడు: విడిగా దాచిన నకలు

1989 డిసెంబరులో ఎయిడ్స్ సమాచారం పేరిట సుమారు 20,000 ఫ్లాపీ డిస్కులు పలు దేశాలకు తపాలాలో చేరాయి. వాటిని వాడిన కంప్యూటర్‌ను 90 సార్లు ఆన్ చేసేసరికి ఫైళ్ల పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోయేవి. పనామాలోని ఒక పోస్టుబాక్సుకు 189 డాలర్లు పంపాలన్న హుకుం తెరపై కనిపించేది. కంప్యూటర్‌ను బందీ చేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ పుట్టుక ఇదే. అయితే తాళం వేసిన చెవినే తీయడానికీ వాడటం వల్ల నిపుణులు త్వరగానే విరుగుడు ప్రోగ్రాం రాయగలిగారు.

దోపిడీదారులు ఈ లోపాన్ని ఎలా పూడ్చవచ్చో 1996లో ఆడమ్ యంగ్, మోటీ యుంగ్ అనే పరిశోధకులు ముందే హెచ్చరించారు. పబ్లిక్ కీ పద్ధతిలో మూసే తాళంచెవి వేరు, తెరిచే తాళంచెవి వేరు. మొదటిది బాధితుడి కంప్యూటర్లో దొరికినా ఉపయోగం లేదు. రెండోది దోపిడీదారు దగ్గరే ఉంటుంది. 2013లో వచ్చిన క్రిప్టోలాకర్ అనే రాన్సమ్‌వేర్ 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ అనే పబ్లిక్ కీ తాళాన్ని వాడి, బిట్‌కాయిన్లలోనూ సొమ్ము వసూలు చేసింది. ఇలాంటి తాళాన్ని సరిగ్గా వేస్తే, దాన్ని బద్దలుకొట్టే శక్తి నేటి కంప్యూటర్లకు లేదు. కాబట్టి దాడి జరిగాక చేసే వైద్యంకన్నా ముందుగా దాచుకున్న నకలే మనకు దిక్కు.

‘నా ఇంటి కంప్యూటర్‌తో వాళ్లకేం పని?’ అని చాలామంది అనుకుంటారు. 2017 మే 12న విరుచుకుపడిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఎవరినీ ఏరి పట్టుకోలేదు. విండోస్‌లోని ఒక లోపాన్ని ఆసరా చేసుకుని దానంతటదే పాకుతూ సుమారు 150 దేశాలకు వ్యాపించింది. బ్రిటన్ ఆసుపత్రులతోపాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది.

యాంటీవైరస్ ఉంటే చాలదా? అది అవసరమే, కానీ కొత్త రకాలను ఒక్కోసారి పసిగట్టలేదు. ఫైళ్లు క్లౌడ్‌లో ఉన్నాయిగా? కంప్యూటర్‌తో ఎప్పుడూ జతపడి ఉండే క్లౌడ్ ఫోల్డర్‌లోకి చెడిపోయిన ఫైళ్లే వెళ్లి చేరవచ్చు. పాత ప్రతులను నిలిపి ఉంచే సదుపాయం ఉంటేనే అది కాపాడుతుంది. డబ్బు కట్టేస్తే? తాళంచెవి ఇస్తారన్న హామీ లేదు, పైగా ఆ సొమ్ము తర్వాతి దాడికి పెట్టుబడి అవుతుంది.

అందుకే అప్‌డేట్లను వాయిదా వేయకండి. అనుమానం కలిగించే అటాచ్‌మెంట్లు తెరవకండి. ముఖ్యంగా, పిల్లల ఫొటోలు, ఆస్తి పత్రాల నకళ్లు, చదువుల సర్టిఫికెట్లు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, ఆ డిస్క్‌ను కంప్యూటర్ నుంచి తీసి విడిగా దాచండి. ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.