కంటి దగ్గర నిలిచే స్పష్టత

కౌడిపల్లిలో ఒక అవ్వను వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి ఫొటో తీస్తున్నామనుకుందాం. వెనక గోడ, దండెం మీద బట్టలు, ఆపైన కరెంటు స్తంభం. మన చూపు అవేవీ పట్టించుకోక అవ్వ ముఖం మీదే నిలుస్తుంది. కెమెరాకు ఆ విచక్షణ లేదు.

లెన్సు ఒకే దూరాన్ని కచ్చితంగా ఫోకస్ చేయగలదు. అంతకు ముందూ వెనకా ఉన్న ప్రతి బిందువూ సెన్సర్ మీద చిన్న వలయంగా పరుచుకుంటుంది. ఆ వలయాన్ని కన్ను పసిగట్టలేనంత మేర బొమ్మ స్పష్టంగానే తోస్తుంది. ఆ మేరనే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌కు వలయం హద్దు 0.03 మి.మీ. అని వాడుక.

ఆ లెక్కన 85 మి.మీ. లెన్సుతో, 2 మీటర్ల దూరం నుంచి, అపర్చర్ (కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్ 1.8 దగ్గర తీస్తే స్పష్టత దక్కేది సుమారు 6 సెం.మీ. మేరకే. కంటికి గురిపెడితే చెవి మసకబారుతుంది. అవ్వ నవ్వుతూ కాస్త ముందుకు వంగినా కన్నే జారిపోతుంది. షట్టర్ ఎంత వేగంగా పడ్డా ఈ తప్పును దిద్దలేదు. ఆ రంధ్రాన్ని ఎఫ్ 8కి తగ్గిస్తే పాతిక సెం.మీ. వస్తుంది, ముఖమంతా తేటపడుతుంది. అయితే దండెం మీది బట్టలూ ఆనవాలు పడతాయి. ఎఫ్ 16 దాటితే కాంతి వివర్తనం వల్ల మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. మీటరు దగ్గరికి జరిగితే ఎఫ్ 1.8 దగ్గర మిగిలేది ఒకటిన్నర సెం.మీ. లోపే.

నన్నడిగితే, వెనకవి మసకబారేందుకు ఖరీదైన లెన్సు కొనడం కన్నా కుర్చీని గోడకు పదడుగులు ముందుకు జరపడం మేలు.

1894లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నుంచి రాజా బిరుదు పొందిన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ కాలంలో ఇబ్బంది మరో తీరుది. సెన్సర్ స్థానంలో ఉండే గాజు పలక పెద్దది, దానికి తగ్గ లెన్సు పొడవైనది. కాబట్టి స్పష్టత పలచన. అపర్చర్ మూస్తే వెలుతురు చాలదు, ఎదుటివారు కదలకుండా కూర్చోవాలి. నేటి ఫోనుది దీనికి తలకిందులు. సెన్సర్ చిన్నది గనుక దాదాపు అన్నీ స్పష్టమే. పోర్ట్రెయిట్ మోడ్‌లో మసకను లెక్కగట్టి పూస్తుంది. అందుకే చెదిరిన వెంట్రుకల దగ్గర, కొంగు అంచు దగ్గర తడబడుతుంది.

తీసిన ఫొటోను తెర మీద పెద్దది చేసి, మీకు దగ్గరగా ఉన్న కంటి రెప్పవెంట్రుకలు చూడండి. అవి విడివిడిగా లేకపోతే, అవ్వ కుర్చీలోంచి లేవకముందే మళ్లీ తీయండి.