కాపురం మార్చిన రోలర్ కోస్టర్

మొన్న ఎండాకాలం సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మా దగ్గర్లో ఎగ్జిబిషన్ పడింది. మాది మైపాడు పక్కన పల్లె. సముద్రం తప్ప వేరే వినోదం లేని చోట జెయింట్ వీల్ లైట్లు కనిపిస్తే ఊరు ఊరంతా అటే నడుస్తుంది. మా చెల్లి ఆరో తరగతి. "అన్నా, డ్రాగన్ ట్రైన్ ఎక్కించవా" అని మూడు రోజులు ప్రాణం తీసింది. సరే అని టికెట్లు కొని లైన్లో నిలబడ్డాం.

లైన్లో ఊరికే ఉండలేక పట్టాల కిందికి చూశాను. అదే తప్పయింది. రెండు పట్టాలు కలిసే ప్లేటుకి నాలుగు రంధ్రాలుంటే మూడింట్లోనే బోల్టులున్నాయి. పక్క స్తంభం కింద నేల గుంట పడితే ఎత్తు సరిచెయ్యడానికి చెక్కముక్కలు దోపారు. నడిపే ఆయనకి చెప్పాను. "ఏం కాదులే అబ్బయా, పోయిన వారం ఇంకో ఊళ్ళో ఇట్నే తిరిగింది" అన్నాడు. నేను చెల్లి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. చెల్లి దారంతా ఏడ్చి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రాత్రి ఆ ట్రైను వందలమందిని ఎక్కించుకుని తిరిగింది, ఎవరికీ ఏమీ కాలేదు. "నీ చదువు మా ఇంట్లో ఆడపిల్లని ఏడిపించడానికే పనికొచ్చింది" అంది అమ్మ.

ఆ మాట తగిలి, అసలు ఒకచోట విప్పి ఇంకోచోట బిగించిన రోలర్ కోస్టర్‌ని ఎంతవరకు నమ్మొచ్చో చదవడం మొదలుపెట్టాను. మెకానికల్, సివిల్ వాళ్ళకి ఇందులో సగం తెలిసే ఉంటుంది. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మొదట ఆశ్చర్యపోయింది ఏంటంటే, కోస్టర్లు ఊళ్ళు మారడం మన ఎగ్జిబిషన్ల వ్యవహారం మాత్రమే కాదు. అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 1947లో 'రాకెట్' అనే చెక్క కోస్టర్ కట్టారు. 1980లో ఆ పార్కు మూతపడింది. కోస్టర్ అట్లా ఖాళీగా నిలబడిపోయింది. పెన్సిల్వేనియాలోని నోబెల్స్ పార్కు వాళ్ళు దాన్ని కొని, ముక్క ముక్కకీ గుర్తు బిళ్ళ తగిలించి విప్పి, లారీల మీద దేశానికి అటు చివర నుంచి ఇటు చివరకి తెచ్చి, 1985లో 'ఫీనిక్స్' పేరుతో మళ్ళీ నిలబెట్టారు. ఈ రోజుకీ ప్రపంచంలో మంచి చెక్క కోస్టర్లలో ఒకటిగా దానికి పేరుంది. అట్లాగే 1975లో కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్‌లో మనుషుల్ని తలకిందులుగా తిప్పిన 'కార్క్‌స్క్రూ' 1990లో ఐడహోలోని సిల్వర్‌వుడ్‌కి కాపురం మార్చింది. మన దగ్గరికొస్తే, హైదరాబాద్ రావిర్యాలలోని వండర్‌లాలో 'రీకాయిల్' ఎక్కి అరిచినవాళ్ళు మన క్లాసుల్లో చాలామందే ఉన్నారు కదా. అది బూమరాంగ్ అనే రకం. ముందుకి వెళ్ళి, అదే దారిలో వెనక్కి వస్తుంది. కాబట్టి పట్టా మూడు వందల మీటర్లు కూడా అక్కర్లేదు, తక్కువ జాగాలో సరిపోతుంది. ప్రపంచంలో ఈ రకం కోస్టర్లు ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకి అమ్ముడుపోవడం మామూలే.

అంటే ఊరు మార్చడం తప్పు కాదు. ఎట్టా మారుస్తారన్నదే అసలు లెక్క.

కోస్టర్‌కి ఇంజను పైకి ఎక్కించే దాకే. తర్వాతంతా గురుత్వాకర్షణే. ఫీనిక్స్ మొదటి దిగుడు సుమారు 22 మీటర్లు. రెండు జీ హెచ్‌కి వర్గమూలం తీస్తే గంటకి 75 కిలోమీటర్లు వస్తుంది. నిజంగా అది వెళ్ళేది 72 దగ్గర. ఆ కాస్త తేడా గాలి, రాపిడి తినేస్తాయి. ఈ లెక్కలో పట్టా ఎక్కడుందో అనే మాటే లేదు కాబట్టి అమెరికాలో ఎంత వేగమో నెల్లూరులోనూ అంతే అనిపిస్తుంది. కానీ ఎండకి గ్రీజు పలచబడుతుంది, చక్రాల పాలీయురెథేన్ మెత్తబడుతుంది, రాపిడి మారుతుంది. అందుకే కొత్తచోట నిలబెట్టాక మనుషుల బదులు నీళ్ళు నింపిన బొమ్మల్నో ఇసుక మూటల్నో కూర్చోబెట్టి, మళ్ళీ మళ్ళీ ఖాళీగా తిప్పి కొలుస్తారు.

వేగం కన్నా భయపడాల్సింది అలసట గురించి. మనిషికి కాదు, లోహానికి. మూడు నిమిషాలకొక ట్రిప్పు, రోజుకి 8 గంటలు అనుకోండి, 160 ట్రిప్పులు. ఏడాదికి 300 రోజులు నడిస్తే 48,000. ఇరవై ఏళ్ళకి దాదాపు పది లక్షల సార్లు ప్రతి వెల్డూ లాగబడి వదలబడుతుంది. పగులు మొదట్లో వెంట్రుక అంత ఉండి, పెయింట్ కింద దాక్కుంటుంది. అందుకే పాత కోస్టర్ కొన్నవాళ్ళు బాధ్యతగలవాళ్ళైతే ముఖ్యమైన జాయింట్ల దగ్గర పెయింట్ గీకేసి, మనం ల్యాబ్‌లో చేసే డై పెనెట్రెంట్, మాగ్నెటిక్ పార్టికల్ పరీక్షలు చేయిస్తారు. ల్యాబ్‌లో ఆ ఎర్ర రంగు చేతికంటితే వారం పోదని తిట్టుకున్నాను గానీ, దాని విలువ ఇక్కడ తెలిసింది.

కొత్తదైతే ఈ గొడవ ఉండదనుకోవద్దు. మా పెదనాన్న కొడుకు ఉండే షార్లెట్ దగ్గర కారోవిండ్స్ అనే పార్కుంది. అక్కడ 2015లో మొదలైన 'ఫ్యూరీ 325' స్తంభం ఒకటి 2023 జూన్‌లో విడిపోయింది. ట్రైను వెళ్ళినప్పుడల్లా స్తంభం పై భాగం పక్కకి జరుగుతుంటే, పిల్లల్ని తీసుకొచ్చిన ఒక తండ్రి ఫోన్లో వీడియో తీసి చూపించాడు. అప్పుడు ఆపారు. కొన్ని రోజుల ముందటి ఫోటోల్లోనూ ఆ చీలిక ఉంది, ఎవరూ చూడలేదంతే. స్తంభం మార్చి ఆగస్టులో మళ్ళీ తెరిచారు. ఇది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. లైన్లో నిలబడి పట్టాల కింద చూసేవాడు పిచ్చోడేం కాదన్నమాట.

ఇక నా నాలుగో బోల్టు. మూడు బోల్టులు బరువు మోస్తాయి కదా, నాలుగోది లేకపోతే ఏమైంది అని హాస్టల్లో ఒకడు వాదించాడు. బోల్టు చేసే పని వేలాడదీసే మేకు పని కాదు. గట్టిగా బిగించినప్పుడు అది కొద్దిగా సాగి, రెండు ప్లేట్లనీ స్ప్రింగులా అదిమి పట్టుకుంటుంది. ఆ అదుముడు ఉన్నంతసేపు ట్రైను బరువులో చాలా భాగం ప్లేట్ల మధ్యే సర్దుకుంటుంది, బోల్టు మీద మార్పు తక్కువ. ఒకటి లేకపోతే ప్లేటు ఆ మూల కదులుతుంది, కదిలితే మిగతా మూడూ వదులవుతాయి, వదులైన బోల్టు ప్రతి ట్రిప్పుకీ పూర్తి దెబ్బ తింటుంది. పైగా ఒకసారి పూర్తిగా బిగించిన హై స్ట్రెంత్ బోల్టుని విప్పాక మళ్ళీ వాడకూడదన్నది మామూలు నియమం. వారానికో ఊరు తిరిగే ట్రైనుకి ప్రతిసారీ కొత్త బోల్టులు ఎవరు కొంటారు?

2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడ్ విరిగి ఇద్దరు చనిపోయారు. అంతకు ముందు ట్రిప్పు ఎక్కినవాళ్ళు కూడా "ఏం కాలేదు" అనే ఇంటికెళ్ళి ఉంటారు.

మా కోస్తాకి ఇంకో తంటా, ఉప్పుగాలి. మా ఇంటి కిటికీ ఊచలకి పెయింట్ వేస్తే ఏడాది తిరక్కుండానే పొక్కులొస్తాయి. బండి చెయిన్ సంగతి చెప్పక్కర్లేదు. తుప్పుని వర్గాలుగా విడగొట్టే ఐఎస్ఓ ప్రమాణాల్లో ఉప్పుగాలి తగిలే తీరానికి పై వర్గాలే వర్తిస్తాయి. పొడి ప్రాంతంలో ఇరవై ఏళ్ళు నిలబడిన గొట్టపు స్తంభాన్ని తెచ్చి సముద్రం పక్కన పెడితే పాత పెయింట్ చాలదు. గొట్టం లోపల నీళ్ళు నిలిచి లోపల్నుంచే తింటే బయటికి తళతళలాడుతూనే ఉంటుంది. గాలుల లెక్కలోనూ మన భారతీయ ప్రమాణం నెల్లూరుకి సెకనుకి 50 మీటర్లు చూసుకోమంటుంది, నాసిక్‌కి 39 అయితే చాలు. బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది ఒకటిన్నర రెట్ల పైమాటే. పునాది అయితే లారీ ఎక్కదు. ఇసుక నేలకి, పైకే తగిలే నీటిమట్టానికి తగ్గట్టు కొత్తగా కట్టాల్సిందే. చెక్కముక్కల పునాది సంగతి మీరే ఆలోచించుకోండి.

మొన్న చెల్లి ఫోన్ చేసింది. సంక్రాంతికి మళ్ళీ ఎగ్జిబిషన్ అంట, ఆటోకి మైకు కట్టి చెప్తున్నారంట. "ఈసారి బోల్టులన్నీ ఉంటే ఎక్కిస్తావా?" అంది. ఉంటే, పొద్దున ఒకసారి ఖాళీగా తిప్పితే, ఎక్కిస్తానన్నాను.

"అయితే పొద్దున్నే నేను పోయి చూసొస్తాలే. ఒక్కో ప్లేటుకి ఎన్నుండాలో చెప్పు."