ఆంగ్లవాక్యమున పదముల స్థానము

ఆంగ్లభాష నభ్యసింప నారంభించిన విద్యార్థులు పెక్కు మాటలు నేర్చియు వాక్యము పలుకుటకు జంకుచుందురు. దీనికి కారణము మాటల కొరత కాదు. రెండు భాషల వాక్యనిర్మాణమందలి భేదమే.

"కొంగ చేపను తినును" అన్నను, "చేపను కొంగ తినును" అన్నను కొల్లేటి తీరమున నెవ్వరును పొరబడరు. చేపకు చేరిన 'ను' అను ద్వితీయావిభక్తి ప్రత్యయము కర్మ యేదో తెలుపుచున్నది. ఆంగ్లమున నామవాచకమునకు అట్టి ప్రత్యయము లేదు, స్థానమే విభక్తి. "ది హెరన్ ఈట్స్ ది ఫిష్" అనుటకు మారుగా "ది ఫిష్ ఈట్స్ ది హెరన్" అన్నచో చేపయే కొంగను మ్రింగును! కావున మొదట కర్త, పిమ్మట క్రియ, అటుపై కర్మ రావలయును.

"ఏలూరునకు పోవుచున్నాను" అనునప్పుడు 'నేను' అనకున్నను క్రియ చివరి 'ను' దానిని తెలుపును. ఆంగ్లమున 'ఐ' విడువరాదు: "ఐ యామ్ గోయింగ్ టు ఏలూరు." మన 'కు' ఊరిపేరునకు వెనుకను, వారి 'టు' ముందును నిలుచును.

మర్యాదయందు మరింత జాగ్రత్త వలయును. తాడేపల్లిగూడెము రైలుస్టేషనులో "టికెట్టు ఇవ్వండి" అనుటలో గౌరవము క్రియయందే యిమిడియున్నది. దానిని "గివ్ ఎ టికెట్" అని మార్చినచో గౌరవము జారిపోయి యాజ్ఞ మాత్రమే మిగులును. "ఎ టికెట్ టు ఏలూరు, ప్లీజ్" అని యడిగి, పుచ్చుకొనిన పిమ్మట "థాంక్ యూ" అనవలయును. 'నీవు', 'మీరు' అను రెంటికిని వారికి 'యూ' ఒక్కటే గనుక, ఈ చిన్నమాటలే మర్యాదను మోయుచున్నవి.

మచిలీపట్టణపు మిషనరీ ఆర్డెను దొరగారు ఆంగ్లేయులకై వ్రాసిన తెలుగు వ్యాకరణము 1873లో వెలువడినది. మన వాక్యక్రమమును వారును ఇట్లే శ్రమించి నేర్చిరి. తల్లిదండ్రులారా, దినమునకొక పూర్తివాక్యమును మీ పిల్లలచే బిగ్గరగా పలికింపుడు.