కాళ్లు ఆపినా చక్రం ఆగదు!

చిరాగ్‌పల్లి (జహీరాబాద్): రాత్రింబవళ్లు సైకిల్ దిగకుండా తొక్కుతూ, సీటుపై నిలబడి విన్యాసాలు చేసే కళాకారులు తెలుగు పల్లెలకు కొత్త కాదు. కదిలే సైకిల్‌పై వారు పెడళ్లు వదిలి నిలబడగలుగుతున్నారంటే అందుకు వెనుక చక్రానికి బిగించిన ఫ్రీవీలే కారణం.

ఫ్రీవీల్ పైభాగం చైన్ పట్టే పళ్ల చక్రం. లోపలి భాగాన్ని హబ్‌కు మరలతో బిగిస్తారు. దానిపై చిన్న ఉక్కు నాలుకలు, వాటిని పైకి నెట్టే సన్నని స్ప్రింగులు ఉంటాయి. ముందుకు తొక్కితే నాలుకలు పళ్ల చక్రం లోపలి గాట్లలో చిక్కుకుని చక్రాన్ని తిప్పుతాయి. తొక్కడం ఆపితే గాట్లపై జారిపోతాయి. మనకు వినిపించే ‘టిక్ టిక్’ శబ్దం అదే. ఇలాంటి ఏర్పాటుకు అమెరికాలో విలియం వాన్ ఆండెన్ 1869లోనే పేటెంటు పొందారు.

అయితే పెడల్ వెనక్కి తొక్కి సైకిల్‌ను వెనక్కి నడిపే విన్యాసం దీనితో కుదరదు. ఆర్టిస్టిక్ సైక్లింగ్ పోటీల సైకిళ్లకు అందుకే ఫ్రీవీల్ ఉండదు. పెడళ్లు, చక్రం కలిసే తిరుగుతాయి.

విన్యాసాలను అనుకరించే పిల్లలకు అరిగిన ఫ్రీవీల్‌తో పెద్ద ముప్పే. మట్టి చేరి నాలుకలు అంటుకుపోతే, లేచి నిలబడి తొక్కే వేళ పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరుగుతుంది. పిల్లవాడు హ్యాండిల్‌పై పడతాడు. 65వ నంబరు జాతీయ రహదారిపై లారీల పక్కన అలా పడితే ప్రాణాలకే ప్రమాదం. ఫ్రీవీల్‌ను డీజిల్‌తో కడిగి పల్చని నూనె వేయాలి. చిక్కని గ్రీజు కూరితే నాలుకలు లేవవు. వెనుక బ్రేకు గట్టిగా పట్టి పెడల్‌ను ముందుకు నొక్కినప్పుడు ఫ్రీవీల్ జారితే దానిని మార్చాల్సిందే.