తిరుపతి డైలటోమీటర్: ద్రవాల కలయికను కొలిచిన గాజు గొట్టం

దుబాయ్, షార్జాల సరిహద్దుకు అటూ ఇటూ పరుచుకున్న అల్ నహ్దాలో సెంటు దుకాణాలకు కొదవ లేదు. స్ప్రే సీసాల అట్టపెట్టెల మీద ఆల్కహాల్ 80 శాతం లాంటి అంకె కనిపిస్తుంది. అది ఘనపరిమాణం లెక్క. అలాంటి 100 మిల్లీలీటర్ల ఆల్కహాల్ తయారు చేయాలంటే 80 మి.లీ. ఇథనాల్‌కు 20 మి.లీ. నీళ్లు చాలవు. 20 డిగ్రీల దగ్గర దాదాపు 23 మి.లీ. పోయాలి. బరువు రవ్వంత కూడా తగ్గదు, చోటు మాత్రం తగ్గిపోతుంది.

ఈ తగ్గుదల మీదే రష్యన్ శాస్త్రవేత్త మెండలీవ్ 1865లో డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని, మధ్యలో ఖాళీలు వదిలి ఉంటాయి. ఆల్కహాల్ చేరితే ఆ అమరిక మారి అణువులు మరింత దగ్గరవుతాయి. అన్ని జంటలూ ఇలా ముడుచుకోవు. బెంజీన్, సైక్లోహెక్సేన్ కలిస్తే పరిమాణం పెరుగుతుంది. అయితే ఆ పెరుగుదల 100 మి.లీ.కు దాదాపు మూడింట రెండు వంతుల మి.లీ. మాత్రమే. కొలజాడీలో దాన్ని పట్టుకోవడం అసాధ్యం.

కలపకముందు ఒకసారి, కలిపాక ఒకసారి కొలిచి తీసివేస్తే అసలు తేడా కొలతల్లోని తప్పుల్లోనే కొట్టుకుపోతుంది. అందుకే తేడాను మాత్రమే చూపించే పరికరం కావలసి వచ్చింది. అదే డైలటోమీటర్. దీనికి ఒక మంచి రూపం తిరుపతిలో దొరికింది. 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.వి. ప్రభాకర రావు, పి.ఆర్. నాయుడు కలిసి మిథైల్‌సైక్లోహెక్సేన్‌లో ఆల్కహాళ్ల మిశ్రమాలపై చేసిన పని 1974లో కెనడియన్ జర్నల్ ఆఫ్ కెమిస్ట్రీలో అచ్చయింది. ఆ తర్వాత ఎన్నో పరిశోధన పత్రాలు తమ పరికరాన్ని పరిచయం చేయడానికి ‘రావు, నాయుడు వర్ణించిన డైలటోమీటర్’ అని రాసి ఊరుకున్నాయి.

నిర్మాణం సులువే. రెండు గాజు బుడ్లు, వాటిని కలుపుతూ యు ఆకారపు గొట్టం, అందులో పాదరసం. పాదరసానికి ఒక పక్క ఒక ద్రవం, రెండో పక్క మరొకటి. ఆవిరి చేరడానికి ఖాళీ ఉండదు. ఒక బుడ్డికి మూత, రెండోదానికి సన్నని కేశనాళిక. మొత్తాన్ని థర్మోస్టాట్ తొట్టిలో ముంచి, కేశనాళికలో మట్టం గుర్తించి, పరికరాన్ని అటూ ఇటూ వంచితే పాదరసం పక్కకు జరిగి ద్రవాలు కలుస్తాయి. మళ్లీ మట్టం చూస్తే చాలు. నాళిక రంధ్రం ఒక మి.మీ. అయితే, మి.లీ.లో నూరో వంతు మార్పుకు మట్టం దాదాపు 13 మి.మీ. కదులుతుంది.

ఆ సున్నితత్వమే దీని బలహీనత కూడా. 10 మి.లీ. ఇథనాల్ ఒక్క డిగ్రీ వేడెక్కినా మట్టం అంతే పెరుగుతుంది. అందుకే తొట్టి నీటిని డిగ్రీలో నూరో వంతు తేడా లేకుండా నిలపాలి. మన ప్రాంతపు ప్రయోగశాలల పత్రాల్లో 303.15 కెల్విన్, అంటే 30 డిగ్రీలు, తరచూ కనిపిస్తుంది. తొట్టిని చల్లబరచి నిలపడం కన్నా కాస్త వేడిచేసి నిలపడం తేలిక.

ఆల్కహాల్ హైడ్రోకార్బన్‌లో కలిసినప్పుడు సాధారణంగా పరిమాణం పెరుగుతుంది. ఆల్కహాల్ అణువుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు కొన్ని తెగి, గొలుసులు విడిపోవడమే ప్రధాన కారణం. పెట్రోల్‌లో ఇథనాల్ కలిపినప్పుడూ జరిగేది ఇదే.

పరిమాణంతో పాటు చిక్కదనమూ మారుతుంది. దాన్ని కొలిచే ఆస్ట్‌వాల్డ్ విస్కోమీటర్‌లో ద్రవం రెండు గీతల మధ్య కేశనాళిక గుండా దిగే సమయం చూస్తారు. ఆ సమయాన్ని సాంద్రతతో గుణిస్తే గాని స్నిగ్ధత తేలదు. 25 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత 0.89 మిల్లీపాస్కల్ సెకన్లు, ఇథనాల్‌ది 1.07. సగానికి సగం దగ్గర్లో కలిపితే అది 2.3 దాటుతుంది. రెండు పలచటి ద్రవాలు కలిసి, రెండింటికన్నా రెట్టింపు చిక్కనవుతాయి. బెంజీన్, సైక్లోహెక్సేన్ జంటది దీనికి విరుద్ధం: పరిమాణం పెరిగి, సగటుకన్నా పలచన అవుతుంది. ముడుచుకుంటే చిక్కన, విప్పారితే పలచన అన్నది చాలా జంటల్లో కనిపించే పోకడే కానీ, తప్పని నియమం కాదు. అందుకే పంపులు, పైపులు రూపొందించే ఇంజనీర్లకు ప్రతి జంటకూ విడిగా కొలిచిన పట్టికలు కావాలి.

తిరుపతి పత్రం వచ్చేనాటికే పోటీదారు పుట్టేసింది. 1967లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆంటన్ పార్ కంపెనీ, కంపించే గాజు గొట్టంతో సాంద్రతను అంకెల్లో చూపే యంత్రాన్ని తెచ్చింది. గొట్టంలో ద్రవం బరువెక్కితే కంపనం నెమ్మదిస్తుంది, అంతే సూత్రం. దానికి పాదరసంతో పని లేదు, కొన్ని చుక్కలే చాలు. కానీ ఖరీదు ఎక్కువ. గాజు ఊదగల పనివాడు, పాదరసం, నమ్మకమైన తొట్టి ఉన్న చోట డైలటోమీటర్ ఏళ్ల తరబడి నిలబడింది.

ఇప్పుడు ఆ పని కంపించే గొట్టాలదే. అయినా వాటి నమ్మకాన్ని తేల్చుకోవడానికి, డైలటోమీటర్లను పరీక్షించిన పాత జంటనే, బెంజీన్, సైక్లోహెక్సేన్‌లనే వాడుతూ వచ్చారు. పరికరం మారినా, అది నెగ్గవలసిన పరీక్ష మారలేదు.